మేడమ్ వాకర్ జుట్టు సంగతి

మన గోడపత్రికలో ఈ ఏడాది వీరేశలింగం గారి జీవితం వచ్చింది, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం వచ్చింది. ఈ నెల నా వంతు అని మేడమ్ చెప్పినప్పుడు నేను అమెరికాలో బట్టలుతికి బతికిన ఒక నల్లజాతి ఆవిడ పేరు చెప్పాను. మేడమ్ నా వైపు, నా తలకి చుట్టుకున్న చున్నీ వైపు ఒకసారి చూసి, సరే రాయమన్నారు. ఎందుకని అడగలేదు. అడగకపోయినా నేనే చెబుతాను. ఆ చున్నీ సంగతి క్లాసులో చాలామందికి సగమే తెలుసు, మిగతా సగం ఎవరికి తోచినట్టు వాళ్ళు కల్పించుకున్నారు.

నాది రింగుల జుట్టు. అలలు అలలుగా అందంగా జారే రకం కాదు, పెన్సిలుకి దారం చుట్టినట్టు బిగుసుకుపోయే రకం. మాది హోసూరు పక్కన ఊరు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ దువ్వెనని మాత్రం సీప్పు అంటాం. బడిలో నా పేరు ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, సురుట్ట అనేవాళ్ళు. పోయిన వేసవిలో మా పెద్దనాన్న కూతురి పెళ్ళికి అందరిలాగా జారుడు జుట్టుతో ఫోటోల్లో పడాలని ఒక బ్యూటీ పార్లర్‌కి వెళ్ళి స్ట్రైటెనింగ్ చేయించుకున్నాను. ఘాటు వాసన వేసే క్రీమ్ ఏదో రాశారు, తర్వాత వేడి ఇస్త్రీ పెట్టారు. పెళ్ళి ఫోటోలు బాగానే వచ్చాయి. మూడు వారాలకి ఎడమ కణత మీద జుట్టు సీప్పుకి వచ్చేయడం మొదలైంది. చివరికి అక్కడ అరచెయ్యంత మేర పొట్టి పొట్టి మొలకలు మిగిలాయి.

మా అవ్వ ఆ సీప్పుని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసి ఒక మాట చెప్పింది. వేరుతో ఊడిన వెంట్రుకకి ఒక కొసన తెల్లటి చిన్న బొడిపె ఉంటుందట. నా సీప్పులో ఉన్నవాటికి అది లేదు. అవి ఊడలేదు, తెగాయి. ఊడటం వేరు, తెగడం వేరు. ఈ రెండు మాటల మధ్య తేడా పట్టుకుని వెతుక్కుంటూ పోతే నాకు దొరికినావిడ మేడమ్ సి. జె. వాకర్. ఆవిడ జీవితం రాసేవాళ్ళు ఎక్కువగా డబ్బు గురించి రాస్తారు. నేను జుట్టు వైపు నుంచి మొదలుపెడతాను.

ఆవిడ అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున డెల్టా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తల్లి మినర్వా, తండ్రి ఓవెన్ ఇద్దరూ అక్కడి పత్తి తోటలో బానిసలుగా బతికినవాళ్ళు. బానిసత్వం రద్దయ్యాక ఆ ఇంట్లో పుట్టిన మొదటి బిడ్డ సారా. స్వేచ్ఛ అయితే వచ్చింది కానీ పని మారలేదు, అదే తోట, అదే పత్తి. ఏడేళ్ళు వచ్చేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అక్క లువీనియా దగ్గర పెరిగింది, అక్కతో పాటే నది దాటి విక్స్‌బర్గ్ ఊరికి వెళ్ళి ఇళ్ళల్లో పనికి కుదిరింది. బావ పెట్టే బాధలు పడలేక 14 ఏళ్ళకే మోజెస్ మెక్‌విలియమ్స్ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. 1885లో కూతురు లీలియా పుట్టింది. కూతురికి రెండేళ్ళు నిండగానే భర్త చనిపోయాడు. ఇరవై ఏళ్ళకి చంకలో బిడ్డతో మిగిలిపోయింది సారా.

అన్నలు సెయింట్ లూయిస్ నగరంలో మంగలి పని చేస్తుండేవారు. అక్కడికి వెళ్ళింది. అక్కడ దాదాపు 18 ఏళ్ళు చాకిరేవు పని చేసింది. మనం చాకిరేవు అంటే ఏటి ఒడ్డూ బండా అనుకుంటాం. అక్కడ అది కాదు, ఇంటి వెనక పెద్ద తొట్లలో నీళ్ళు మరిగించి, కాస్టిక్ సోడాతో చేసిన మొరటు సబ్బుతో వేరేవాళ్ళ దుప్పట్లు, చొక్కాలు రుద్దాలి. పొద్దున్నించి రాత్రిదాకా ఆవిరిలోనే నిలబడాలి. రోజుకి వచ్చేది ఒకటిన్నర డాలరు. ఆ డబ్బుల్లోంచే కూతురిని చదివించింది. తనకి చదువు లేదు, చిన్నప్పుడు చర్చి బడిలో కొన్ని నెలలు మాత్రమే అక్షరాలు దిద్దింది. లీలియాని మాత్రం కాలేజీ మెట్టు ఎక్కించింది. మధ్యలో ఇంకో పెళ్ళి చేసుకుంది, అది బాగోలేదు, విడిపోయింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆ రోజుల్లోనే సారా జుట్టు పోవడం మొదలైంది. మాడు మీద పొక్కులు, దురద, చుండ్రు. అక్కడక్కడా నున్నటి మచ్చలు పడ్డాయి. ఇది ఆవిడ ఒక్కతికే వచ్చిన జబ్బు కాదు. ఆ కాలంలో పేద నల్లజాతి ఇళ్ళల్లో కుళాయి ఉండేది కాదు, మోసుకొచ్చుకున్న నీళ్ళు తాగడానికీ వంటకీ సరిపోవాలి. తలంటు నెలకోసారి, చలికాలంలో ఇంకా తక్కువ. పైగా తలకీ ఆ బట్టల సబ్బే. తిండి కూడా అంతంతమాత్రం. దానితో చాలామంది ఆడవాళ్ళు తలకి గుడ్డ కట్టుకునే తిరిగేవాళ్ళు. ఈ వాక్యం చదివినప్పుడు నా చెయ్యి నా చున్నీ మీదికి పోయింది, దాచడం ఎందుకు.

ఇక్కడ కాసేపు జీవితకథ ఆపి జుట్టు గురించి చెప్పాలి. లేకపోతే ఆవిడ చేసిన పని అర్థం కాదు.

మా రూమ్‌మేట్ ఫిజిక్స్ చదువుతుంది. దానిది నిట్టనిలువు జుట్టు, నడుం దాకా ఉంటుంది. ఒకరోజు మేమిద్దరం మా వెంట్రుకలు ఒక్కోటి తీసి, కొసలు రెండూ కాగితం ముక్కలకి ఫెవికాల్‌తో అంటించి, పైన మేకుకి తగిలించి, కింద చాక్లెట్ రేకుతో చేసిన చిన్న తట్ట వేలాడదీసి, తట్టలో చిన్న చిన్న తూనికరాళ్ళు ఒక్కోటీ వేస్తూ పోయాం. దాని వెంట్రుక మొదట కదల్లేదు, తర్వాత కొంచెం కొంచెం సాగింది, చాలా బరువు మోసి తెగింది. నాది మొదటి రాయి వేయగానే జానెడు సాగినట్టు కనిపించింది. నేను గెలిచాననుకున్నాను. అది సాగడం కాదని తర్వాత తెలిసింది. చుట్టలు విప్పుకోవడం అంతే, స్ప్రింగు విప్పుకున్నట్టు. చుట్టలన్నీ విప్పుకుని దారం నిటారుగా అయ్యాకే వెంట్రుక నిజంగా సాగడం మొదలుపెడుతుంది. ఆ నిజమైన సాగుడు నాదాంట్లో తక్కువ, దాని వెంట్రుక మోసిన బరువు కంటే ముందే నాది తెగిపోయింది. నాలుగైదు వెంట్రుకలతో చేశాం, ప్రతిసారీ ఇంచుమించు అంతే.

దీనికి కారణం జుట్టు నాసిరకం కావడం కాదు. నిట్టనిలువు జుట్టయినా, రింగుల జుట్టయినా, ఆఫ్రికా వాళ్ళదైనా, మనదైనా, చైనా వాళ్ళదైనా లోపల ఉన్నది ఒకటే పదార్థం, కెరాటిన్ అనే ప్రొటీన్. తేడా అంతా ఆకారంలోనే ఉంది. నిలువు జుట్టుని అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూస్తే ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. బిగువు రింగుల జుట్టు నొక్కిన గొట్టంలాగా చదునుగా, కోలగా ఉంటుంది. పైగా రిబ్బను మెలేసినట్టు దారి పొడుగునా మెలికలు తిరుగుతుంది, ఒకచోట ఇటు తిరిగింది ఇంకోచోట అటు తిరుగుతుంది. లాగినప్పుడు ఆ బలమంతా అన్నిచోట్లా సమానంగా పడదు, మెలిక తిరిగే చోట పోగవుతుంది. చిన్న చిన్న చీలికలు అక్కడే మొదలై అక్కడే తెగుతుంది. తాడుకి ముడి ఉన్నచోట తెగినట్టు.

ఇంకో కష్టం నూనెది. మాడు నుంచి వచ్చే సహజమైన జిడ్డు నిలువు జుట్టు మీద కిందికి సులువుగా జారుతుంది. రింగుల మీద ఎక్కడికక్కడ ఆగిపోతుంది, అందుకే కొసలు ఎండిపోతాయి. చుట్టలు ఒకదానిలో ఒకటి దూరి చిక్కుపడతాయి. ఎండుగా ఉన్నప్పుడు సీప్పు వేస్తే చిక్కు రాదు, వెంట్రుకే వస్తుంది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించింది దీని తర్వాతి సంగతి. నిలువు జుట్టు తడిసినప్పుడు దువ్వడం కష్టం, ఒకదానికొకటి అంటుకుంటుంది. బిగువు రింగుల జుట్టు దానికి ఉల్టా. తడిస్తే చుట్టలు వదులవుతాయి, సీప్పు సులువుగా దిగుతుంది. తడి తలతో దువ్వకూడదని నన్ను చిన్నప్పటి నుంచీ తిట్టిన అత్తలందరిదీ నిలువు జుట్టే!

అందువల్ల రింగుల జుట్టు ఎదగదు అనే మాటలో నిజం కొంచెమే. కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, అంతే గానీ పెరుగుతూనే ఉంటుంది. పైన పెరిగినంతా కింద తెగిపోతుంటే పొడవు ఎక్కడ కనిపిస్తుంది? మాడుకి జబ్బు చేస్తే ఊడుతుంది, కొసలు ఎండితే తెగుతుంది. సారా కాలంలో నల్లజాతి ఆడవాళ్ళకి ఈ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి, వాళ్ళకి మాత్రం తమ జుట్టే చెడ్డదని అందరూ చెబుతున్నారు.

సారా దొరికిన మందల్లా వాడి చూసింది. ఆ నగరంలోనే ఆనీ టర్న్‌బో అనే ఇంకో నల్లజాతి ఆవిడ జుట్టు పెరిగే మందు తయారుచేసి ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుండేది. తర్వాతి రోజుల్లో పోరో అనే పేరుతో పెద్ద కంపెనీ పెట్టిన ఆనీ మలోన్ ఆవిడే. సారా ఆ మందు వాడింది, తర్వాత ఆనీ దగ్గరే అమ్మకం ఏజెంటుగా చేరింది. 1905 జూలైలో డెన్వర్ నగరానికి, చనిపోయిన అన్న భార్య, మేనకోడళ్ళు ఉన్నచోటికి వెళ్ళింది. అక్కడ వంటమనిషిగా పనిచేస్తూ ఖాళీ వేళల్లో ఆనీ సరుకు అమ్మింది. ఒకటిన్నర డాలరుతో వ్యాపారం మొదలుపెట్టానని తర్వాత చెప్పుకునేది. 1906 జనవరిలో చార్లెస్ జోసెఫ్ వాకర్ అనే పత్రికా ప్రకటనల మనిషిని పెళ్ళి చేసుకుంది. మేడమ్ సి. జె. వాకర్ అనే పేరు అప్పటి నుంచే. ఆ కాలంలో అక్కడ నల్లజాతి ఆడవాళ్ళని తెల్లవాళ్ళు పేరు పెట్టో, ఆంటీ అనో పిలిచేవాళ్ళు గానీ గౌరవంగా పిలిచేవాళ్ళు కాదు. ఫ్రెంచి అలంకరణ దుకాణాల మర్యాద ఉన్న మేడమ్ అనే మాట ఆవిడ తన డబ్బా మీద తానే అచ్చు వేయించుకుంది. ఇక ఎవరు పిలిచినా అలాగే పిలవాలి.

ఆ ఏడాదే ఆనీతో తెగతెంపులు చేసుకుని తన సొంత మందు తెచ్చింది. పేరు వండర్‌ఫుల్ హెయిర్ గ్రోయర్. ఆనీ మందు పేరు కూడా ఇంచుమించు అదే. కలలో ఒక పెద్దమనిషి కనిపించి ఏమేం కలపాలో చెప్పాడని, అందులో కొన్ని ఆఫ్రికా నుంచి తెప్పించానని ఆవిడ ప్రచారం చేసుకుంది. నాకు మేడమ్ వాకర్ మీద కోపం వచ్చేది ఇక్కడే. కలకి ఇచ్చిన గౌరవంలో సగం ఆనీకి ఇచ్చి ఉండాల్సింది. తనని చూసి కాపీ కొట్టారని ఆనీ పత్రికల్లోనే గొడవ పెట్టింది. అయితే ఒక మాట చెప్పాలి, ఆ మందులో అసలు సరుకు గంధకం. చర్మవ్యాధులకి గంధకం పూయడం వీళ్ళిద్దరూ పుట్టకముందు నుంచీ ఉన్నదే. మన ఊళ్ళల్లో గజ్జికి పూసేవాళ్ళు కదా, అదే.

గంధకంతో పాటు వాజెలిన్ లాంటి జిడ్డు, తేనెమైనం, కొబ్బరినూనె, సువాసన. ఇది చదవగానే మా అవ్వ నవ్వింది, ఇంత దానికి అమెరికా పోవాలా అని. వెంట్రుక లోపల కూడా గంధకం ఉంటుంది, కెరాటిన్ పోగుల్ని ఒకదానికొకటి కుట్టి పట్టేది అదే, జుట్టు కాలితే వచ్చే కంపు దాని వల్లే. అందుకని పైన గంధకం పూస్తే జుట్టు గట్టిపడుతుందని కొందరు అనుకుంటారు. అలా జరగదు. ఆ గంధకం పనిచేసేది మాడు మీద. పొక్కులు తగ్గిస్తుంది, చుండ్రు తగ్గిస్తుంది. మాడు బాగుపడితే ఊడటం ఆగుతుంది. జిడ్డు కొసల్ని తడిగా ఉంచితే తెగడం తగ్గుతుంది. అంటే హెయిర్ గ్రోయర్ జుట్టుని పెంచలేదు, పెరిగిన జుట్టుని ఉండనిచ్చింది. దానికి తోడు ఆవిడ పదే పదే చెప్పిన మాట, తల తరచుగా కడుక్కోమని. షాంపూ కూడా తయారుచేసి అమ్మింది. కణతల దగ్గర జుట్టు పలచబడినవాళ్ళకి వేరే డబ్బా ఉండేది. డబ్బాల మీదా ప్రకటనల్లోనూ వేరే అందగత్తె బొమ్మ కాకుండా తన బొమ్మే వేయించింది, పొట్టి జుట్టుతో ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా పెరిగిందో పక్కపక్కన. మచ్చలు పడ్డ తలని దాచుకున్న మనిషి తన తలనే ప్రకటన చేసుకుంది.

తర్వాతది జనానికి బాగా తెలిసిన భాగం కాబట్టి త్వరగా చెప్పేస్తాను. దక్షిణ రాష్ట్రాల్లో ఊరూరా తిరిగి, చర్చిల్లో, ఇళ్ళల్లో తల కడిగి చూపించి అమ్మింది. డెన్వర్‌లో ఉండి పోస్టులో వచ్చే ఆర్డర్లు లీలియా చూసుకునేది. 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరు మీద లీలియా కాలేజీ పెట్టి ఆడవాళ్ళకి ఈ పని నేర్పించింది. 1910లో ఇండియానాపోలిస్‌లో ఫ్యాక్టరీ కట్టింది. 1912లో చార్లెస్‌తో విడాకులయ్యాయి, అతని పేరు మాత్రం వదల్లేదు, అప్పటికి అది తన పేరు.

ఏజెంట్లు వేల మంది అయ్యారు. నలుపు పొడవు గౌను, తెల్ల చొక్కా, చేతిలో పెట్టె. ఎక్కువమంది అంతకుముందు ఇళ్ళల్లో వంట చేసినవాళ్ళు, తొట్ల దగ్గర నిలబడ్డవాళ్ళు. ఆ కాలంలో నల్లజాతి ఆడదానికి ఉన్న ఉద్యోగాలు దాదాపు ఆ రెండే.

వేడి దువ్వెన ఆవిడే కనిపెట్టిందని చాలాచోట్ల రాస్తారు. అది తప్పు. జుట్టుకి వేడి పెట్టే ఇనప పనిముట్లు ఫ్రాన్సులో అంతకుముందే ఉన్నాయి. ఆవిడ చేసింది దాన్ని తన పద్ధతిలో కలుపుకోవడం, నూనె రాసి, కాచిన దువ్వెనతో దువ్వడం. వేడికి వెంట్రుకలోని బలహీనమైన బంధాలు విడిపోయి చుట్ట విప్పుకుంటుంది, తడి తగలగానే మళ్ళీ చుట్టుకుంటుంది. వేడి ఎక్కువైతే పైపొర పగిలి, తర్వాత లాగినప్పుడు అక్కడే తెగుతుంది. నాకు పెట్టిన క్రీమ్ పని ఇంకా లోతుది, అది వెంట్రుకలోని గంధకపు కుట్లనే విప్పుతుంది. విప్పినవన్నీ మళ్ళీ పడవు. నల్లజాతి వాళ్ళ జుట్టు సాఫు చేయడానికి తర్వాతి కాలంలో వచ్చిన క్రీములు కొన్నిటిలో ఉండేది కాస్టిక్ సోడా. సారా తొట్టి దగ్గర చేతులు కాల్చిన అదే సోడా తిరిగి తిరిగి తల మీదికి చేరింది.

నల్లజాతి వాళ్ళల్లోనే ఆవిడ మీద గట్టి విమర్శ ఉండేది. తెల్లవాళ్ళలాగా కనిపించాలనే కోరికని అమ్ముకుంటోందని కొందరు పాస్టర్లు, నాయకులు అన్నారు. బుకర్ టి. వాషింగ్టన్ అంతటి పెద్దమనిషికి కూడా ఈ వ్యాపారాలంటే గిట్టేది కాదు. ఆవిడ మాత్రం జుట్టు సాఫు చేసే మనిషినని తనని పిలిస్తే ఒప్పుకునేది కాదు. తన ప్రకటనల్లో ఆ మాట వాడనిచ్చేది కాదు. తనది జుట్టు ఆరోగ్యం పని అనేది. ఎవరి మాట నిజం? నేను చాలా ఆలోచించాను. డబ్బా కొన్నవాళ్ళల్లో మాడు మానడానికి కొన్నవాళ్ళూ ఉన్నారు, జుట్టు సాఫు కావడానికి కొన్నవాళ్ళూ ఉన్నారు. ఆవిడకి ఆ సంగతి తెలియకుండా ఉండదు. తెలిసే దువ్వెన వేడి చేసింది. కాకపోతే ముందు కడగమంది, మాడు చూడమంది, నూనె రాయమంది, ఆ తర్వాతే వేడి. నేను వెళ్ళిన చోట నా మాడు ఎవరూ చూడలేదు.

1912 ఆగస్టులో షికాగోలో నల్లజాతి వ్యాపారస్తుల మహాసభ జరిగింది. నడిపేది వాషింగ్టన్ గారే. ఆవిడకి మాట్లాడే అవకాశం ఇమ్మని ఒక పత్రికాధిపతి సభలోనే లేచి అడిగినా ఆయన విననట్టు ఊరుకున్నారు. చివరి రోజు ఆవిడ తనంతట తాను తన కుర్చీలోంచి లేచింది. పత్తి చేలలోంచి వచ్చానని, అక్కడి నుంచి బట్టల తొట్టికి, తొట్టి నుంచి వంటింటికి, వంటింటి నుంచి సొంత ఫ్యాక్టరీకి తనని తానే పైకి తెచ్చుకున్నానని, ఫ్యాక్టరీ సొంత స్థలంలో కట్టానని సభ అంతటికీ వినబడేలా చెప్పింది. ఏడాది తిరిగేసరికి అదే సభకి ఆయనే ఆవిడని ముఖ్య వక్తగా పిలిచి పరిచయం చేశారు. మన సెమినార్లలో చెయ్యెత్తి కూడా పిలుపు రాక కూర్చుండిపోయే వెనక బెంచీ వాళ్ళ కోసం ఈ భాగం కొంచెం ఎక్కువ రాశాను.

1917లో ఫిలడెల్ఫియాలో తన ఏజెంట్లని సమావేశపరిచింది. 200 మందికి పైగా ఆడవాళ్ళు వచ్చారు. ఎక్కువ అమ్మినవాళ్ళకే కాదు, ఎక్కువ దానం చేసినవాళ్ళకి కూడా బహుమతులు ఇచ్చింది. ఆ ఏడాది జూలైలో ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో తెల్లవాళ్ళ గుంపులు నల్లవాళ్ళ ఇళ్ళు తగలబెట్టి పదుల మందిని చంపాయి. ఆవిడ 18 ఏళ్ళు బట్టలుతికిన నగరానికి నది అవతల ఒడ్డే అది. న్యూయార్కులోని హార్లెం పెద్దలతో కలిసి ఆవిడ వాషింగ్టన్‌కి, వైట్ హౌస్‌కి వెళ్ళింది. అధ్యక్షుడు విల్సన్ వేరే పనిలో ఉన్నారని చెప్పి పంపేశారు. ఆ తర్వాత జరిగిన ఏజెంట్ల సమావేశం నుంచి, గుంపు హత్యల్ని ఆపే చట్టం కావాలని ఆయనకి టెలిగ్రాం వెళ్ళింది. డబ్బాలు అమ్ముకునే ఆడవాళ్ళ సమావేశం నుంచి.

1918లో హడ్సన్ నది ఒడ్డున ఇర్వింగ్‌టన్‌లో పెద్ద భవనం కట్టించుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్సు పొందిన మొదటి నల్లజాతి ఆర్కిటెక్టు వెర్ట్‌నర్ టాండీ దాన్ని కట్టారు. అందులో ఏడాది కూడా నిండుగా ఉండలేదు. చాలా కాలంగా రక్తపోటు, మూత్రపిండాల జబ్బు. డాక్టర్లు విశ్రాంతి తీసుకోమంటే ఊర్లు తిరిగింది. గుంపు హత్యలకి వ్యతిరేకంగా పనిచేసే సంఘానికి 5,000 డాలర్లు ఇస్తానని ప్రకటించిన కొద్ది రోజులకే, 1919 మే 25న ఆ ఇంట్లోనే కన్నుమూసింది. వయసు 51. సొంతంగా కోటీశ్వరురాలైన మొదటి ఆడది అని ఆవిడ గురించి రాస్తుంటారు. చనిపోయేనాటికి ఆస్తి సుమారు 6 లక్షల డాలర్లని ఒక లెక్క ఉంది. మిలియన్ అవునా కాదా అని కొట్టుకునేవాళ్ళు కొట్టుకోనీ. రోజుకి ఒకటిన్నర డాలరు చొప్పున ఆ 6 లక్షలు ఉతికి సంపాదించాలంటే వెయ్యేళ్ళు పైగా పడుతుంది, నేను లెక్క వేశాను.

ఆవిడ పోయిన పదేళ్ళ తర్వాత, 1930ల్లో, ఇంగ్లండులోని లీడ్స్ యూనివర్సిటీలో విలియం ఆస్ట్‌బరీ అనే శాస్త్రవేత్త ఉన్ని, వెంట్రుకలు సాగదీసి ఎక్స్-రే ఫోటోలు తీశాడు. మడతపడి ఉన్న ప్రొటీన్ గొలుసులు లాగినప్పుడు విప్పుకుని పొడవవుతాయని చెప్పాడు. వెంట్రుక సాగడం వెనక ఉన్నది అదే. మేడమ్ వాకర్‌కి ఇవేవీ తెలియవు. కడిగితే ఏమవుతుందో, లాగితే ఏమవుతుందో ఆవిడకి తన తల మీదే తెలుసు.

ఒక మాట మనవాళ్ళ గురించి. తిరుమలలో మనం ఇచ్చిన తలనీలాలని దేవస్థానం వేలం వేస్తుంది, అవి విగ్గులు, సవరాలు అయి విదేశాలకి పోతాయి. మనదేశం జుట్టుతో చేసిన సవరాలు కొనేవాళ్ళల్లో నల్లజాతి ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. మా అమ్మ నా మూడో ఏట నా రింగులు కొండ మీద ఇచ్చింది. వాటిని ఎవరైనా కొన్నారో, పనికిరావని పక్కన పడేశారో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇప్పుడు ఆదివారం పూట అవ్వ నన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, తల బాగా తడిపి, కొబ్బరినూనె రాసి, వెడల్పు పళ్ళ సీప్పుతో కొసల నుంచి పైకి చిక్కు తీస్తుంది. పై నుంచి కిందికి కాదు. ఎడమ కణత మీద మొలకలు వేలెడంత అయ్యాయి, అవి కూడా చుట్టుకుంటున్నాయి. చున్నీ వచ్చే వారం నుంచి మానేద్దామని అనుకుంటున్నాను.

ఈ కాగితం అడుగున సెల్లోటేప్‌తో అంటించిన రెండు వెంట్రుకలు మా ప్రయోగంలో మిగిలినవి. కుడివైపుది మా రూమ్‌మేట్‌ది, ఎడమవైపు చుట్ట నాది. చూసేవాళ్ళు చూడండి గానీ లాగకండి, తెగితే ఇంకోటి ఇవ్వడానికి ఈ నెల నా దగ్గర లేదు.